కవరు బిగించేదాకా పని అయినట్టు కాదు

చిరంజీవి హారికకు పెదనాన్న ఆశీస్సులు.

ఇంజిన్ విప్పకుండానే సన్నని కెమెరాతో లోపల చూసే బోరోస్కోప్ శిక్షణ పూర్తయిందనీ, ఇక ఇంజిన్ల మీదే పని అనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. చాలా సంతోషించానమ్మా. పరికరం ఎలా వాడాలో నేర్పే ఉంటారు కనుక, నేను ముఖ్యమనుకునేవి మాత్రం రాస్తున్నాను.

సీఎఫ్ఎం56 జెట్ ఇంజిన్ సంగతే తీసుకుందాం. గాలిని నొక్కే తొమ్మిది అంచెల హైప్రెషర్ కంప్రెసర్, వెనుక దహన గది, ఆ వెనుక ఒకే వరుస హైప్రెషర్ టర్బైన్. మంట రాజేసే ఇగ్నైటర్ ప్లగ్ తీసిన రంధ్రం లోంచి కూడా దహన గదిని చూడవచ్చు. కానీ దాని మీద చెయ్యి వేసే ముందు సర్క్యూట్ బ్రేకర్ లాగి, ట్యాగ్ కట్టి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగు. ఆ ప్లగ్‌కు విద్యుత్తు పంపే ఎక్సైటర్‌లో మిగిలిన విద్యుత్తు ప్రాణం తీయగలదు. ఇంజిన్ చల్లారకుండా కెమెరా లోపల పెట్టకు.

గేర్‌బాక్స్ దగ్గర ఒకరు బ్లేడ్లున్న రోటర్‌ను తిప్పుతుంటే, నువ్వు ఒక్కో బ్లేడూ చూస్తావు. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. అందుకే తేలిగ్గా ఆనవాలు పట్టగల మచ్చో, గాటో ఉన్న బ్లేడును ఒకటో నంబరుగా పెట్టుకుని ఫోటో తీసుకో. అక్కడి నుంచి పైకి వినబడేలా లెక్కపెట్టు. అదే బ్లేడు మళ్ళీ ఎదురయ్యేసరికి నీ లెక్క మాన్యువల్‌లోని సంఖ్యతో సరిపోవాలి. మధ్యలో ఎవరైనా పలకరించి లెక్క తప్పిందా, మొదటి నుంచి తిప్పించు. తిప్పేవారు విసుక్కుంటే విసుక్కోనీ.

గీత కనబడగానే పగులని ఖాయం చేయకు, మరకేలే అని వదిలేయకు. కెమెరా కొనను కాస్త పక్కకు జరిపి వెలుగు పడే కోణం మార్చు. మసి చారకు లోతుండదు. పగులైతే పక్క వెలుతురులో దాని అంచు సన్నని నీడ వేస్తుంది. టర్బైన్ బ్లేడు మీద ఒక చల్లగాలి రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి పాకిన గీతను ఎన్నడూ తేలిగ్గా తీసుకోకు. దీపం పెంచుకుంటూ పోతే మెరుపులో పగులు మరుగున పడుతుంది. తగ్గించి కూడా చూడు. కొలిచేటప్పుడు వీలైనంత దగ్గరకు వెళ్ళు. ఎంత దెబ్బ వరకు ఫరవాలేదో చెప్పే పరిమితుల పట్టిక నోటికి వచ్చినా, మాన్యువల్‌లో ఇంజిన్ గురించిన 72వ అధ్యాయం తెరిచి పక్కన పెట్టుకో. ఏ భాగమైనా కనబడకపోతే, కనబడలేదనే రాయి.

ఇంత జాగ్రత్తగా చూసినా మిగిలేది మూత వేసే పని. నాకు ఎక్కువ దిగులు దాని గురించే.

1995 ఫిబ్రవరి 23న ఇంగ్లాండులో బ్రిటిష్ మిడ్‌లాండ్ వారి బోయింగ్ 737-400 గాల్లోకి లేచిన కాసేపటికే రెండు ఇంజిన్లలోనూ నూనె తగ్గిపోయింది. పైలట్లు లూటన్‌లో దించి, రన్‌వే మీద ఉండగానే రెండు ఇంజిన్లూ ఆపేశారు. ముందు రాత్రి రెండింటికీ బోరోస్కోప్ తనిఖీ జరిగింది. రోటర్ తిప్పడానికి తీసిన కవర్లను రెండింటికీ తిరిగి బిగించలేదు. ఇంజిన్ నడిపి నూనె కారుతోందేమో చూడనూ లేదు. అయినా లాగ్‌లో పని పూర్తయిందని సంతకం పడింది. పని మొదలుపెట్టినవారు ఒకరు, ముగించినవారు మరొకరు. అప్పగింతలు నోటిమాటగానే సాగాయి. ఆ చేతులు అనుభవం లేనివి కావమ్మా.

కాబట్టి కెమెరా పెట్టే రంధ్రాలకున్న ప్లగ్ ఒక్కటి తీసినా, ఆ క్షణమే పని వివరాల కార్డు మీద రాయి. షిఫ్టు మారితే ఏది తెరిచి ఉందో కాగితం మీద పెట్టి అప్పగించు. నువ్వు అందుకునేటప్పుడూ కాగితమే అడుగు. రెండు ఇంజిన్లకూ ఒకే రాత్రి ఒకే మనిషి చేయాల్సి వస్తే, రెండోదానికి వేరే మనిషిని ఇమ్మని పైవారిని అడుగు, అడగడానికి మొహమాటపడకు. చివర్లో ఏ ప్లగ్ తీసిన చోట ఆ ప్లగ్‌నే మాన్యువల్ చెప్పిన టార్క్‌తో, అంటే అంతే బిగింపు బలంతో బిగించి, కెమెరా కొనకు తొడిగిన అడాప్టర్ బయటకు వచ్చిందో లేదో చూసుకో. కవరు వేశాక ఇంజిన్ నడిపి, నూనె చెమ్మ లేదని కళ్ళతో చూశాకే సంతకం పెట్టు.

ఆశీస్సులతో,
పెదనాన్న