కాటనా, డ్రై ఫిట్టా అని నాలుగు పేరాలు రాశారు, కార్డు బాకీకి ఒక్క లైను

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు రాశారు. వయసు 29, హైటెక్ సిటీలో ప్రైవేటు ఉద్యోగం, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి అద్దెకు ఉంటున్నారు, జీతం చేతికి 38,000 వస్తుంది. ఆఫీసులో డ్రెస్ కోడ్ ఎత్తేశాక అందరూ ట్రాక్ ప్యాంట్లు, లెగ్గింగ్స్, టీషర్టుల్లోనే వస్తున్నారట. సాయంత్రం వాకింగ్‌కీ అవే, ఆదివారం బయటికి వెళ్లినా అవే. రోజూ వేసుకోవడానికి కాటన్ నయమా, డ్రై ఫిట్ లాంటి సింథటిక్ నయమా, ఏది కొంటే డబ్బు గిట్టుబాటు అవుతుంది అన్నది ప్రశ్న. ఒక షాపింగ్ యాప్‌లో సేల్ నడుస్తోందని, ఆరు జతలు కలిపి 18,600 అయ్యాయని, కార్డు మీద ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేకుండా నెలవారీ వాయిదాలు, ఇస్తున్నారని కూడా రాశారు.

ఉత్తరంలో నాలుగు పేరాలు బట్ట గురించే. ఏది చెమట పీలుస్తుంది, ఏది వాసన వస్తుంది, ఏది ఎన్ని ఉతుకులకు ఆగుతుంది, అన్నీ బాగానే ఆరా తీశారు. ఆఖర్న ఒక్క లైను: 'కార్డులో ఇంకో 42,000 బాకీ ఉంది, వడ్డీ నెలకు 3.5 శాతం, కానీ మినిమమ్ కరెక్ట్‌గా కట్టేస్తున్నా కాబట్టి ప్రాబ్లం లేదు, అవసరమైతే ఏదైనా లోన్ యాప్‌లో తీసుకుని క్లోజ్ చేసేస్తా.' దాని కిందే ఇంకో సగం లైను: సేవింగ్స్‌లో 11,000 ఉన్నాయి, ఖమ్మంలో ఉన్న అమ్మకు నెలకు 8,000 పంపాలి, అదీ కలిపి నెల ఖర్చు 29,000, ఆమెకు బీపీ ఉంది, ఎస్ఐపీ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత పెట్టడం) మొదలుపెట్టొచ్చా అని.

ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఫోనో, సోఫానో, ట్రాక్ ప్యాంటో, వస్తువు గురించి పదిమందిని అడుగుతారు, రివ్యూలు చదువుతారు, వంద రూపాయల తేడాకు రెండు రోజులు ఆలోచిస్తారు. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది మాత్రం ఒక్క నొక్కుతో తేల్చేస్తారు. అందుకే మీకు విడిగా కాకుండా అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు మీరు అడిగిన దానికే జవాబు చెప్తాను, లేకపోతే తప్పించుకున్నాడంటారు. రోజంతా ఒంటి మీద ఉండే వాటికి కాటన్ తీసుకోండి, లెగ్గింగ్స్ అయితే సాగే గుణమిచ్చే లైక్రా అయిదు శాతం దాకా కలిసిన కాటన్. ఒళ్లు వంచి చెమట పట్టించే ఆ గంటకు మాత్రం సింథటిక్, అదీ రెండు జతలు చాలు. కారణం మీకు తెలిసిందే: మామూలు పరిస్థితుల్లో కాటన్ తన బరువులో ఎనిమిదిన్నర శాతం దాకా తేమను పట్టుకుంటుంది, డ్రై ఫిట్‌లో ఉండే పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి, అమీర్‌పేటలో జనంలో తోసుకుంటూ రైలు మారి, హైటెక్ సిటీలో దిగేసరికి పట్టే చెమటను కాటన్ పీల్చేస్తుంది, ఆఫీసు ఏసీలో మెల్లగా ఆరిపోతుంది. అదే పాలిస్టర్ అయితే త్వరగానే ఆరుతుంది కానీ ఒంటి జిడ్డును వదలదు, సాయంత్రానికి చంకల దగ్గర వాసన మొదలవుతుంది, కొన్నాళ్లకు ఉతికినా పోదు. వాకింగ్‌లోనో జిమ్‌లోనో లెక్క తిరగబడుతుంది. అక్కడ కాటన్ తడిసి ముద్దై ఒంటికి అంటుకుంటుంది, రాపిడికి ఒరుసుకుపోతుంది.

ఇక గిట్టుబాటు. ఆగస్టులో వారం రోజులు ముసురు పట్టినప్పుడు మందపాటి కాటన్ ట్రాక్ ప్యాంటు అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఆరడానికి రెండు రోజులు పడుతుంది, సింథటిక్‌ది రాత్రి ఆరేస్తే పొద్దునకు సిద్ధం. కాబట్టి రోజూ వ్యాయామం చేసేవాళ్లకు సింథటిక్ రెండు జతలతో గడుస్తుంది, కాటన్ అయితే నాలుగు కావాలి. ఇంకో సంగతి, రెంటినీ చంపేది వాడకం కంటే ఉతకడమే. లైక్రా ఉన్నదాన్ని వేడినీళ్లలో వేసినా, కాకపెట్టి ఇస్త్రీ చేసినా, బ్లీచింగ్ తగిలినా సాగుడు పోతుంది. డ్రై ఫిట్‌కి ఫ్యాబ్రిక్ కండిషనర్ పోస్తే చెమట లాగే గుణం తగ్గిపోతుంది, అంటే దేనికోసం ఎక్కువ పెట్టి కొన్నామో అదే పోతుంది.

యాప్‌లో ఫొటో చూసి కొనే బదులు కోఠీకో, మీ దిల్‌సుఖ్‌నగర్ షాపులకో వెళ్లండి. పక్క కుట్టు లోపల తెల్లచీటీ ఉంటుంది, బయట ఏం రాసుకున్నా సరే ఏది ఎంత శాతమో అందులోనే చూడండి. మోకాలు దగ్గర బట్టను రెండు చేతులతో అడ్డంగా లాగి వదలండి. వెంటనే యథాస్థానానికి రాకపోతే రెండు నెలల్లో అక్కడ సంచిలా ఉబ్బుతుంది. లోపల చెయ్యి పెట్టి లైటుకు పట్టుకోండి, వేళ్లు లెక్కపెట్టగలిగితే పక్కన పెట్టేయండి. ఇలా చూసుకుని కొంటే మూడు కాటన్, రెండు సింథటిక్ మూడు వేల లోపు వస్తాయి. మీ కార్ట్‌లో 2,999 పెట్టి ఒక జాకెట్ ఉంది చూడండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒక్కో బట్ట విలువ 2,500 దాటితే జీఎస్టీ 18 శాతం, లోపు ఉంటే 5 శాతమే. ఆ జాకెట్‌లో పన్నే సుమారు 457 రూపాయలు. దాంతో ఒక కాటన్ టీషర్ట్ వస్తుంది.

బట్టల సంగతి అయిపోయింది.

ఇప్పుడు మీ కార్డు. వడ్డీ నెలకు 3.5 శాతమని మీరే రాశారు. 42,000 మీద అది 1,470. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 265. మొత్తం 1,735. మీరు 'కరెక్ట్‌గా' కడుతున్న మినిమమ్, అంటే బిల్లులో కనీసం ఇంతైనా కట్టమనేది, 2,100. అంటే నెలంతా కష్టపడి కట్టిన దాంట్లో బాకీకి పోయేది 365 రూపాయలు, మిగతాదంతా వడ్డీకి. ఫోన్‌లో స్టేట్‌మెంట్ తెరవండి, ఫైనాన్స్ చార్జెస్ అన్న లైను దగ్గర వేలు పెట్టి అయిదు నెలలవి వరసగా చూడండి. మినిమమ్ కడితే మీకు దొరికేది ఒక్కటే, లేట్ ఫీ పడదు, బ్యాంకు మిమ్మల్ని ఎగవేతదారు అనదు. ప్రాబ్లం లేదని ఎవరు చెప్పారో గానీ, బ్యాంకుకు మాత్రం నిజంగానే లేదు!

దానికి తోడు చాలామంది పట్టించుకోని ముక్క ఒకటుంది. పాత బాకీ పూర్తిగా కట్టనంతకాలం మీకు యాభై రోజుల దాకా ఉండే వడ్డీలేని గడువు లేదు, కిరాణా కొట్లో గీకిన మూడు వందలకు కూడా గీకిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఇక ఆ నో కాస్ట్ ఈఎంఐ. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ, డిస్కౌంట్‌గా వెనక్కి ఇచ్చామనే వడ్డీ మీద జీఎస్టీ, ఇవన్నీ కలిపితే మూడు నాలుగు వందలు కావచ్చు, దాని గురించి నేను గొడవ పడను. అసలు దెబ్బ వేరే. నెలకు 3,100 ఈఎంఐ మొత్తం మీ మినిమమ్‌లో కలుస్తుంది. 2,100 కాస్తా 5,200 అవుతుంది. ఒక్క నెల తడబడితే ఇప్పటిదాకా కాపాడుకున్న సిబిల్ స్కోరు, అంటే అప్పులు ఎంత సరిగ్గా కడతారో చెప్పే మార్కు, కూడా దెబ్బతింటుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

లోన్ యాప్ మాట విన్నాక నాకు నిజంగా ఓపిక పోయింది. అప్పు తీర్చడానికి అప్పు, అదీ ఫోన్‌లో అయిదు నిమిషాల్లో ఇచ్చేవాడి దగ్గర! 2020 డిసెంబర్‌లో మన హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఈ యాప్‌ల వాళ్లను అరెస్టు చేసినప్పుడు ఏమేం బయటపడిందో మరిచిపోయారా? కాంటాక్ట్ లిస్టులో ఉన్నవాళ్లందరికీ ఫోన్లు చేసి పరువు తీయడం, మార్ఫింగ్ ఫొటోలు, ప్రాణాలు తీసుకున్నవాళ్లు. ఆ తర్వాత 2022లో ఆర్‌బీఐ నిబంధనలు తెచ్చింది. అప్పు ఇచ్చేముందు ఏడాదికి మొత్తం ఖర్చు ఎంత శాతమో చూపించే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, డబ్బు నేరుగా మీ ఖాతాలోకే రావాలి, మీ కాంటాక్టులు, ఫొటోల జోలికి రాకూడదు. అయినా దొంగ యాప్‌లు పుడుతూనే ఉన్నాయి, అసలైనవి కూడా చిన్న మొత్తాలకు బాదే ఫీజులు చూస్తే కార్డే నయమనిపిస్తుంది. వద్దు. బాకీ మరీ బరువనిపిస్తే కార్డు ఇచ్చిన బ్యాంకుకే ఫోన్ చేసి, మిగిలిన మొత్తాన్ని ఈఎంఐగా మార్చమని అడగండి, ఆ రేటు ఇప్పుడు మీకు పడుతున్న ఏడాదికి 42 శాతం కంటే చాలా తక్కువే ఉంటుంది, కానీ మార్చాక కార్డు బీరువాలో పెట్టేస్తేనే.

మీ నెల ఖర్చు, అమ్మకు పంపేది కలిపి, 29,000 అని లెక్క రాశారు. మిగిలేది 9,000. ఇందులో మినిమమ్ పోగా మిగతా దాదాపు ఏడు వేలు ఎటు పోతోందో మీ ఉత్తరంలో లేదు, బహుశా ఇలాంటి కార్ట్‌లలోకే. ఆ తొమ్మిది వేలూ కార్డుకే కడితే ఆరు నెలల్లో బాకీ తీరుతుంది, మొత్తం వడ్డీ 5,650 దాకా అవుతుంది. కాగితం మీద ఇదే సరైన లెక్క, ఇంకెవరిని అడిగినా ఇదే చెప్తారు.

నేను మాత్రం ఏడు వేలు కార్డుకు, రెండు వేలు విడిగా ఒక ఖాతాలోకి పంపమంటాను. బాకీ ఏడు నెలల్లో తీరి ఎనిమిదో నెలకు రెండు మూడు వందలు మిగులుతుంది, వడ్డీ 1,600 ఎక్కువ పడుతుంది. పడనివ్వండి. ఎందుకంటే మీ దగ్గర ఉన్నవి పదకొండు వేలే, అమ్మ ఖమ్మంలో, బీపీ మనిషి. ఒక అర్ధరాత్రి ఫోన్ వస్తే, ఆసుపత్రిలో అడ్వాన్స్ కట్టమంటే మీరు ఏం చేస్తారో నాకు తెలుసు, అదే కార్డు తీసి గీకుతారు. ఆరు నెలలు కడుపు కట్టుకుని తీర్చింది ఒక్క రాత్రిలో వెనక్కి వచ్చేస్తుంది. నేను చూసిన కార్డు అప్పుల్లో సరదాకు మొదలైనవి చాలానే ఉన్నా, తీరకుండా ఏళ్ల తరబడి మిగిలినవి ఎక్కువగా ఇలా మధ్యలో అత్యవసరం వచ్చి మళ్లీ గీకినవే. ఆ 1,600 మీరు ఆ రాత్రి కోసం కట్టే ప్రీమియం అనుకోండి. ఆ 11,000 ముట్టుకోవద్దు, 'కొంత తీసి కార్డుకు కట్టేయనా' అని మళ్లీ రాయొద్దు కూడా.

ఆ 11,000 కూడా విడి ఖాతాలోకే మారిస్తే ఏడు నెలలకు అందులో 25,000 ఉంటాయి. కార్డు తీరగానే ఆగకుండా తొమ్మిది వేలూ అందులోకే వెళ్తే ఇంకో ఏడు నెలల్లో మూడు నెలల ఖర్చు, అంటే 87,000, దాటుతుంది. మీ మీద ఆధారపడ్డ మనిషి ఉన్నారు కాబట్టి చివరికి చేరాల్సింది ఆరు నెలల ఖర్చు, 1,74,000. జీతం పడే ఖాతాలో మాత్రం ఉంచకండి, యూపీఐ లేని వేరే బ్యాంకు ఖాతాలో పెట్టండి. వడ్డీ తక్కువ వస్తుందని బాధపడకండి, ఆ డబ్బు అక్కడ ఉండడమే దాని పని.

అమ్మకు ఇన్సూరెన్స్. మీ కంపెనీ పాలసీలో తల్లిదండ్రులను చేర్చుకునే వీలుందేమో ఈ వారమే హెచ్ఆర్‌ని అడగండి, గ్రూపు పాలసీల్లో ముందే ఉన్న జబ్బులకు చాలావరకు ఎదురుచూసే గడువు ఉండదు. విడిగా తీసుకుంటే బీపీ లాంటి వాటికి ఆ గడువు మూడేళ్ల దాకా ఉండొచ్చు, ఫారంలో బీపీని దాచొద్దు, క్లెయిమ్ అప్పుడు అదే మెడకు చుట్టుకుంటుంది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద ఇప్పుడు జీఎస్టీ లేదు. అమ్మకు తెల్ల రేషన్ కార్డు ఉంటే రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెంచారు, ఖమ్మంలో ఏ ఆసుపత్రులు ఆ జాబితాలో ఉన్నాయో ఇప్పుడే కనుక్కుని ఆ పేర్లు ఫోన్‌లో రాసి పెట్టుకోండి. అంబులెన్స్‌లో కూర్చుని వెతికే పని కాదు అది.

ఆ కార్ట్ ఖాళీ చేయండి, యాప్‌లో సేవ్ చేసిన కార్డు నంబరు కూడా తీసేయండి. రేపటితో సేల్ అయిపోతుందని కంగారు పడ్డారు, దసరాకు ఒకటి, దీపావళికి ఒకటి, జనవరి 26కి ఒకటి, ఆగస్టు 15కి ఇంకొకటి, ఏదీ తప్పిపోదు. ఈ నెల మరీ అవసరమైతే రెండు కాటన్ టీషర్టులు, ఒక లెగ్గింగ్, చేతిలో నోట్లు పెట్టుకుని వెళ్లి కొనుక్కోండి, మిగతావి నెలకొకటి చొప్పున.

ఎస్ఐపీ అడిగారు. కార్డులో సున్నా, విడి ఖాతాలో 87,000 కనిపించాక మళ్లీ రాయండి, అప్పుడు చెప్తాను.