ఫొటోల్లో నడిచే మనుషులు మసకగా, వెనకంతా గజిబిజిగా వస్తుంటే

ఫొటోల్లో నడిచేవాళ్లు మసకగా, నేపథ్యం గజిబిజిగా వస్తున్నాయని, ఆటోఫోకస్ తడుముకుంటోందని అడిగారు. మీరు పెట్టిన 1/60 సెకను షట్టర్ స్పీడే (కెమెరాలోకి వెలుగు పడే సమయం) మసకకు కారణం. నడిచే మనిషికి కనీసం 1/250, దగ్గరగా అడ్డంగా వెళ్తుంటే 1/500 కావాలి. ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో ఉంచి గరిష్ఠం 6400 ఇవ్వండి. గ్రెయిన్ (ఫొటోలో ఇసుక చల్లినట్టు చుక్కలు) వచ్చినా ఫర్వాలేదు.

ఆటోఫోకస్ తడుముకుంటోందన్నారు కదా, ఆపేయండి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా మీద మీ 28 ఎంఎం లెన్స్‌ను ఎఫ్/8లో (లెన్స్ రంధ్రం పరిమాణం), చేత్తో ఫోకస్ 2.5 మీటర్ల దగ్గర ఉంచితే సుమారు 1.5 నుంచి 10 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది.

అసలు సమస్య గజిబిజే అని నా అభిప్రాయం. మనుషుల వెంట పడకండి. ముందు నేపథ్యం ఎంచుకోండి: ఖాళీ గోడ, లేదా నీడ మధ్య వెలుగు పట్టీ. ఎక్స్‌పోజర్ (ఫొటోకు ఎంత వెలుగు కావాలో) ఆ వెలుగుకే కొలిచి లాక్ చేసి, అక్కడే ఆగండి. తల వెనక స్తంభం లేకుండా, అడుగులు విడివడినప్పుడు నొక్కండి. ఇద్దరు ముగ్గురుంటే మధ్యలో ఖాళీ కనబడాలి. ఒకరిమీద ఒకరు పడితే ఎవరి ఆకారమూ తెలియదు.