మూడు ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లు మార్చి మార్చి వాడుతుంటే జెడ్‌ఎఫ్‌ఎస్ ఇంక్రిమెంటల్ బ్యాకప్ ఎందుకు ఆగిపోతోంది?

మీరు చెప్పింది ఇదీ: జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ నుంచి ఒక డ్రైవ్‌కి బ్యాకప్ బాగానే వెళ్తోంది, కొన్ని వారాల తర్వాత రెండోది తగిలిస్తే ఇంక్రిమెంటల్ సోర్స్ (కిందటిసారి ఎక్కడిదాకా పంపామో ఆ చోటు; అక్కడి నుంచి మారినవి మాత్రమే పంపడం ఇంక్రిమెంటల్) కలవట్లేదని ఆగిపోతోంది. డ్రైవ్ పాడవలేదండీ. నాకూ అచ్చం ఇలాగే అయింది.

నేనుండేది హైదరాబాద్‌లో. రెండు డ్రైవ్‌లు ఇంట్లో వారం మార్చి వారం వాడతాను. మూడోది రాజమండ్రిలో అమ్మావాళ్ల బీరువాలో ఉంటుంది. పండక్కి వెళ్లినప్పుడు తెచ్చుకుని, బ్యాకప్ తీసి, మళ్లీ వెళ్లినప్పుడు పెట్టొస్తాను. ఒక సంక్రాంతికి తెచ్చి తగిలిస్తే ఇదే ఎర్రర్. డ్రైవ్‌లో ఉన్న ఆఖరి స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డేటా ఎలా ఉందో అలా దాచినది) దసరా ముందుది. నా మెషిన్‌లో 30 రోజులు దాటినవి వాటంతటవే చెరిగిపోయేలా పెట్టుకున్నాను. ఇంక్రిమెంటల్‌కి మెషిన్‌లోనూ డ్రైవ్‌లోనూ ఉన్న స్నాప్‌షాట్ ఒకటి కావాలి, అలాంటిది ఒక్కటీ మిగల్లేదు. 1.6 టెరాబైట్లు మొదటి నుంచీ పంపాల్సి వచ్చింది. అదీ సగం దాటాక కేబుల్ కదిలి, వెళ్లిందంతా పోయింది. డ్రైవ్ వైపు డేటా అందుకునే రిసీవ్ కమాండ్‌కి చిన్న ఎస్ ఆప్షన్ ఇచ్చి ఉంటే ఆగిన చోటి నుంచే కొనసాగించుకోవచ్చు. అది నాకప్పుడు తెలీదు, మీరు మాత్రం ఇప్పుడే పెట్టుకోండి.

ఇందులో కీలకం ఒక్కటే: "ఆఖరి స్నాప్‌షాట్" అనేది మెషిన్ మొత్తానికి ఒకటి కాదు, ఒక్కో డ్రైవ్‌కి ఒకటి. ఏ డ్రైవ్‌కి చివరిగా ఏది వెళ్లిందో, దాన్ని ఆ డ్రైవ్ తిరిగి వచ్చేదాకా కాపాడాలి. నేను డ్రైవ్‌లకి రంగు టేపులు అంటించి, వాటిలోని పూల్‌లకి (జెడ్‌ఎఫ్‌ఎస్ నిల్వ స్థలాలకి) ఎర్ర, పచ్చ, నీలం అని వేర్వేరు పేర్లు పెట్టాను. బ్యాకప్ పూర్తవగానే ఆ స్నాప్‌షాట్‌కి డ్రైవ్ పేరుతోనే హోల్డ్ వేస్తాను, మెషిన్‌లోనూ డ్రైవ్‌లోనూ. ఆ తర్వాతే ఆ డ్రైవ్ తాలూకు పాత హోల్డ్ తీస్తాను. హోల్డ్ ఉన్నంతకాలం ఏ స్క్రిప్టూ దాన్ని చెరపలేదు.

అయితే ఊళ్లో ఉండే డ్రైవ్‌కి హోల్డ్ మంచిది కాదు. నెలల తరబడి ఆ స్నాప్‌షాట్ మెషిన్‌లో కూర్చుంటే, మీరు తర్వాత చెరిపేసిన పెద్ద వీడియోల జాగా ఖాళీ అవ్వదు. దానికి బుక్‌మార్క్ వాడండి. బుక్‌మార్క్‌లో డేటా ఉండదు, ఎక్కడిదాకా పంపామో గుర్తు మాత్రం ఉంటుంది. మెషిన్‌లో అసలు స్నాప్‌షాట్ పోయినా, డ్రైవ్‌లో అది ఉంటే చాలు, ఇంక్రిమెంటల్ నడుస్తుంది. కాకపోతే స్నాప్‌షాట్ చెరగకముందే బుక్‌మార్క్ చేసుకోవాలి. పంపే కమాండ్ సెండ్‌లో పెద్ద ఐ (మధ్యలోని స్నాప్‌షాట్లన్నీ పంపేది) దీనితో పనిచేయదు, చిన్న ఐ (మధ్యవి వదిలేసి ఒక్క దాకా పంపేది) మాత్రమే. అందుకని ముందు బుక్‌మార్క్ నుంచి, దాని తర్వాత తీసి ఇంకా మిగిలినవాటిలో అన్నిటికన్నా పాత స్నాప్‌షాట్ దాకా చిన్న ఐతో పంపి, అక్కడి నుంచి తాజాదాని దాకా పెద్ద ఐతో పంపుతాను.

ఈ సెండ్, రిసీవ్‌లని తనే నడిపే సింకాయిడ్ ప్రోగ్రామ్ వాడుతుంటే ఒక్కో డ్రైవ్‌కి వేరే ఐడెంటిఫయర్ ఇవ్వండి. బుక్‌మార్క్ చేసే ఆప్షన్ కూడా అందులోనే ఉంది.

ఎర్రర్ వచ్చిందని కంగారుపడి సెండ్‌కి పెద్ద ఆర్, రిసీవ్‌కి పెద్ద ఎఫ్ కలిపి మాత్రం కొట్టకండి, దయచేసి. మెషిన్‌లో లేని స్నాప్‌షాట్లన్నిటినీ అది డ్రైవ్‌లోనూ చెరిపేస్తుంది. పాతవి ఉన్నాయనే కదా ఆ డ్రైవ్‌ని అంత దూరంలో దాచుకుంటున్నాం! నేను పాత డేటాసెట్‌ని (పూల్‌లోని ఫైల్ సిస్టమ్‌ని) అలాగే వదిలేసి, పక్కన కొత్తదానికి పంపాను. 4 టెరాబైట్ల డ్రైవ్ కాబట్టి పట్టింది.

డ్రైవ్‌లోని మార్పుల వల్ల రిసీవ్ ఆగడం మరో రకం. ఫైల్ తెరిచి చూసినా చూసిన సమయం నమోదై అది మార్పు కింద లెక్కకు రావచ్చు. బ్యాకప్ డేటాసెట్లకి రీడ్‌ఓన్లీ ఆన్ చేస్తే సరి, రిసీవ్‌కి అది అడ్డం రాదు. డ్రైవ్ తీసేముందు పూల్ ఎక్స్‌పోర్ట్ (సరిగ్గా విడదీయడం), అప్పుడప్పుడూ స్క్రబ్ (డేటా పాడైందేమో సరిచూడటం) తప్పకుండా చేయండి.

ఊరెళ్లినప్పుడు నాన్న ల్యాప్‌టాప్‌ని ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, అక్కడున్న డ్రైవ్‌లోని పూల్‌ని రీడ్‌ఓన్లీగా ఇంపోర్ట్ చేసి, నానమ్మ మాట్లాడిన రికార్డింగ్ ఒకటి వినిపిస్తాను. అమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆ ఫైల్ అసలు కాపీ ఉన్న ఫోన్ ఇప్పుడు లేదు.