బిడ్డా, ఆ తుమ్మ కొమ్మ తేకు

బిడ్డా,

నల్లగొండలో కొత్తగా తెరుస్తున్న పిల్లల దవాఖాన హాల్లో పెట్టడానికి ఎండు కొమ్మతో ఆరడుగుల చెట్టు చేసిస్తానని ఒప్పుకున్నావని, దసరా లోపల ఇవ్వాలని, అడ్వాన్స్ కూడా తీసుకున్నావని నిన్న రాత్రి మా అక్క, అదే మీ అమ్మ, ఫోన్ చేసి చెప్పింది. ఎంత సంతోషమైందో! నా తర్వాత మన ఇంట్లో ఈ పని పట్టుకునేవాళ్లు లేరనుకున్నాను. ఫోన్ పెట్టేసే ముందు అక్క ఇంకో మాట చెప్పింది, మొన్నటి గాలివానకు చెరువు కట్ట మీద విరిగిపడ్డ తుమ్మ కొమ్మ నీకు నచ్చిందట, ఆదివారం తెచ్చుకుంటావట. అంతే, నాకు మళ్లీ నిద్ర పట్టలేదు.

ఆ కొమ్మ తేకు. మిగతాదంతా నీ ఇష్టం, ఈ ఒక్క మాట మాత్రం విను.

బెరడు తీయడం, వైర్ బ్రష్‌తో రుద్దడం, 80 నంబర్ సాండ్ పేపర్ తర్వాత 150 నంబర్ పట్టడం, ఇవన్నీ నీకు తెలుసు. వంకర ఎంత తిరిగితే చెట్టు అంత అందంగా ఉంటుందని కూడా నీకు చెప్పక్కర్లేదు. కొమ్మ లోపల ఏముందో పైనుంచి కనబడదు, నా భయమంతా దాని గురించే.

మీ అమ్మ పెళ్లయిన మూడో ఏడు వాళ్లు కొత్త ఇంట్లోకి వచ్చారు. నువ్వింకా పుట్టలేదు. గృహప్రవేశానికి అందరూ స్టీలు సామాను తెస్తారు, నేను నా చేత్తో చేసిందే ఇవ్వాలని పట్టుదల. నువ్వు చూసినట్టే నేనూ వానల్లో విరిగిన తుమ్మ కొమ్మ తెచ్చాను. ఇరవై రోజులు చూరు కింద ఆరబెట్టి, పైన ఎండినట్టు కనబడితే చాలనుకొని రెండు పూతలు బంగారు రంగు ఎనామిల్ వేశాను. రాగి తీగతో ఆకులు అల్లాను. ఊరంతా వచ్చి చూసింది. అక్క ఆ చెట్టును ముందర్రలో మీ నానమ్మ మామిడి చెక్క పెట్టె పక్కన పెట్టింది. ఆ పెట్టె మీ నానమ్మకు పుట్టింటివాళ్లు ఇచ్చింది, ఆమె పట్టుచీరలన్నీ అందులోనే ఉండేవి.

తుమ్మకు నడిమిలో ఎర్రటి చేవ ఉంటుంది, దాని జోలికి కట్టెను తిని పొడి చేసే పిండిపురుగు రాదు. చుట్టూ ఉన్న తెల్ల కట్టెలో గంజి, అంటే పిండిపదార్థం, ఉంటుంది, దానికోసం వస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడు కాదు, కట్టె ఆరుతున్న రోజుల్లోనే సన్నని రంధ్రాల్లో గుడ్లు పెట్టి పోతుంది. పిల్ల పురుగు ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం లోపలే తింటూ ఉంటుంది. రంగు వేస్తే పైన కొత్తగా గుడ్లు పెట్టలేదు, నిజమే, కానీ లోపల ఉన్నదానికి రంగు ఏమీ చేయదు. అది పెద్దదై గుండుసూది తలంత రంధ్రం చేసుకొని బయటికొచ్చి, రంగు లేని కట్టె ఎక్కడుందా అని చూస్తుంది. నానమ్మ పెట్టెకు లోపల, అడుగున రంగు లేదు.

రెండేళ్లకు సంక్రాంతికి పోయి, చాయ్ తాగుతూ ఆ పెట్టె మీద చెయ్యి ఆనించాను. మూత అప్పడంలా లోపలికి దిగిపోయింది. చెయ్యి తీస్తే వేళ్ల నిండా మైదాపిండి లాంటి పొడి. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు తెలిసింది, మీ అమ్మ ఏడాదిగా రోజూ పొద్దున బావ లేవకముందే చెట్టు కింద రాలిన పొడిని ఊడ్చేస్తోందట. ఎందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వు చేసింది కదరా, పారేయబుద్ధి కాలేదు" అంది. మీ నానమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. పెట్టె అడుగంతా పొడి అయిపోయింది, ఆగే పరిస్థితి లేదు. చీరలు తీసి దులిపి, మర్నాడు భోగి మంటలో చెట్టుతో పాటు పెట్టెనూ వేశాం. వేసే ముందు ఆమే దాని ఇత్తడి కడియం ఊడదీసుకుంది. మీ దేవుడి అర్ర తలుపుకు ఉన్న కడియం అదే బిడ్డా. నువ్వు రోజూ పట్టుకొని లాగేది.

2018లో పిల్లలమర్రికి సెలైన్ ఎక్కించినప్పుడు చూడటానికి పోయాను. మా మహబూబ్‌నగర్ పక్కనే, మూడెకరాల్లో పరుచుకున్న చెట్టు. దాని పెద్ద కొమ్మ ఒకటి చెద పట్టి విరిగిపడింది. వందల సెలైన్ బాటిళ్లు వేలాడుతున్నాయి, మనిషికి ఎక్కించినట్టే చుక్క చుక్కగా చెదల మందు. అది మట్టిలోంచి వచ్చే చెద, మన పెట్టెను తిన్నది పిండిపురుగు, రెండూ వేరు. అయినా అక్కడ నిలబడితే నాకు ఆ పెట్టె మూతే గుర్తొచ్చింది.

ఇప్పుడు పని సంగతి. పురుగు చావాలంటే చెక్క లోపలి దాకా 55 డిగ్రీలు దాటిన వేడి తగలాలి. మే నెలలో నల్ల పాలిథిన్ గట్టిగా చుట్టి రేకుల మీద పదిహేను రోజులు పెడితే మన ఎండకు ఆ వేడి వస్తుంది. ఈ వానల్లో రాదు. అందుకే నీ తుమ్మ కొమ్మ వద్దంటున్నాను. ఎండబెట్టాక, రంగు వేయకముందు, లీటరు వేడి నీళ్లలో 60 గ్రాముల వెలిగారం, 40 గ్రాముల బోరిక్ పౌడర్ కలిపి మూడుసార్లు బ్రష్‌తో పట్టించు. వెలిగారం కంసాలి వాళ్లు వాడేదే, బోరిక్ పౌడర్ క్యారమ్ బోర్డు మీద చల్లేదే. చేతులకు గ్లవ్స్ వేసుకో, పక్కింటి పిల్లలను దగ్గరికి రానీయకు. ఆరిన తర్వాత వార్నిష్.

మొదలు గట్టిగా ఉండాలి. ఇరవై లీటర్ల పెయింటు డబ్బాలో ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుక, దాంట్లో కంకర కలిపి సగం దాకా పోస్తే ఇరవై కిలోలు దాటుతుంది. కొమ్మ అడుగున నాలుగైదు మేకులు సగం వరకు కొట్టి వదిలెయ్, సిమెంటు వాటిని పట్టుకుంటుంది. పాలిథిన్ చుట్టకుండా దింపితే కొమ్మ తడికి ఉబ్బి, ఆరాక కుంచించుకొని పళ్లూడిన నోట్లో పన్నులా కదులుతుంది. వారం రోజులు నీళ్లు పట్టు, తొందరపడకు.

ఆకులకు పోచంపల్లి చీర ముక్కలు వాడతావని అక్క చెప్పింది, చాలా మంచి ఆలోచన. ఫెవికాల్‌లో అంతే నీళ్లు కలిపి ముంచి ఆరబెట్టి కత్తిరించు, అంచులు దారాలు రావు. మైదా జిగురు మాత్రం వద్దు, పురుగును మనమే భోజనానికి పిలిచినట్టు.

అక్కడికొచ్చేది జ్వరం పిల్లలు, ఊరికే కూర్చోరు, పట్టుకొని లాగుతారు. నాలుగడుగుల లోపు ఒక్క కొస కూడా బయటికి ఉండొద్దు, ఉన్నవాటిని కోసి నున్నగా చెయ్. గన్నేరు కొమ్మ ఎంత అందంగా ఉన్నా వద్దు, అది ఆసాంతం విషం. సీరియల్ లైట్లు పెట్టమంటే ఎల్‌ఈడీవే పెట్టు, ప్లగ్గు పిల్లలకు అందనంత ఎత్తులో ఉండాలి.

మరి కొమ్మ ఎక్కడిదంటావా? రెండేళ్ల కింద బోరు ఎండిపోయి మీ నాన్న బత్తాయి తోట కొట్టేసినప్పుడు ఒక కొమ్మ తెచ్చుకున్నాను. రెండు ఎండాకాలాలు నల్ల కవర్లో మా మిద్దె మీదే ఉంది. అప్పటినుంచి తెల్లబట్ట మీద పరిచి చూస్తున్నాను, ఒక్క రవ్వ పొడి రాలలేదు. ఆరడుగులకు రెండు జానలు తక్కువ, మొదలు ఎత్తు పెంచి అది పూడ్చుకోవచ్చు. ముళ్లు నేనే గీకేశాను. మీ నాన్నకు ముందే చెప్పకు, చెట్టు నిలబెట్టాక తీసుకెళ్లి చూపించు.

ఆదివారం చెరువు కట్టకు పోయే బదులు ఇటు రా. బస్సులో కొమ్మ పట్టదు, ఆటో ట్రాలీ మాట్లాడి ఉంచుతాను. అక్కను కూడా తీసుకొని రా.

నీ మామ