పడమటి కిటికీకి డబుల్ గ్లాస్ కన్నా ముందు ఎండ సంగతి చూడండి

విజయవాడలో పడమటి బెడ్‌రూమ్‌కి పాత టేకు కిటికీలు తీసేసి యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ చట్రాలు, డబుల్ గ్లాస్ పెట్టిస్తే ఏసీ బిల్లు తగ్గుతుందా అని అడిగారు. చికాగోలో ఉన్న మీ తమ్ముడు డబుల్ గ్లాసే మేలన్నారట. ఆయన ఉన్న ఊరికి ఆ మాట నిజమే. మా ఇల్లూ బెజవాడలోనే, పడమటి ముఖం. కిటికీలు మార్పించిన అనుభవంతో చెప్తున్నాను, ఇక్కడ గదిని కాల్చేది బయటి వేడిగాలి కన్నా నేరుగా పడే ఎండ.

చికాగో చలికాలంలో ఇంటి లోపలికీ బయటికీ 35 డిగ్రీల తేడా ఉండొచ్చు. మనకి మే నెలలో బయట 42, ఏసీ గదిలో 26 అనుకున్నా తేడా 16 డిగ్రీలే. ఆ తేడాకి మామూలు ఒంటి అద్దంలోంచి చదరపు మీటరుకు సుమారు 90 వాట్ల వేడి వస్తుంది, డబుల్ గ్లాస్ దాన్ని సగం చేస్తుంది. కానీ సాయంత్రం ఎండ అదే చదరపు మీటరు మీద 500 వాట్లకు పైనే పడుతుంది. సాదా అద్దం అందులో 80 శాతం దాకా లోపలికి వదిలేస్తుంది. సాదా అద్దాలు రెండు పెట్టినా 70 శాతం వస్తూనే ఉంటుంది!

అందుకని షాపులో అడగాల్సిన అంకె ఎస్‌హెచ్‌జీసీ, అంటే అద్దం మీద పడ్డ ఎండ వేడిలో ఎంత వంతు లోపలికి వస్తుందో చెప్పేది. అది ఎంత తక్కువైతే అంత మేలు. సోలార్ కంట్రోల్ కోటింగ్ ఉన్న అద్దాల్లో అది 0.3 దగ్గర దొరుకుతుంది. వెలుతురు ఎంత వస్తుందో కూడా అడగండి, లేకపోతే పట్టపగలే లైట్లు వేసుకోవాలి. కోటింగ్ లేని డబుల్ గ్లాస్‌కి మాత్రం డబ్బు పెట్టకండి.

అసలు అంతకన్నా ముందు కిటికీ బయట వెదురు తడిక కట్టి ఒక ఎండాకాలం చూడండి. పడమటి ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి సజ్జా ఆపలేదు. లోపలి కర్టెన్ దగ్గరికి వచ్చేసరికి వేడి ఎలాగూ గదిలోకి వచ్చేసి ఉంటుంది. మా ఇంట్లో అద్దాలు మార్చాక కూడా తడికలు తీయలేదు, మా ఆవిడ తీయనివ్వలేదు.

స్లైడింగ్ వద్దనే నా సలహా. రెండు ట్రాకులదైతే సగమే తెరుచుకుంటుంది, చలికాలం రాత్రుల్లో ఏసీ లేకుండా గడిచే అవకాశం పోతుంది. ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం 2018లో తెచ్చిన నియమావళి ఎకో నివాస్ సంహిత కూడా ఉక్కపోత ప్రాంతాల్లో తెరుచుకునే కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో ఆరో వంతు ఉండాలంటుంది. రెక్కల కిటికీ మూస్తే రబ్బరు గట్టిగా అదుముకుని ఏసీ గాలి కూడా తక్కువ పోతుంది.

మీ టేకు చట్రాలకు చెదలు పట్టకపోతే వాటిని పీకించకండి. గ్రిల్ వాటికే బిగించి ఉంటుంది, తీస్తే ప్లాస్టరింగ్, పెయింటింగ్ ఖర్చు వేరే. రెక్కలకు కొత్త అద్దం, రబ్బరు బీడింగ్ వేయించండి. డబుల్ గ్లాస్ మందం పాత రెక్కల్లో సాధారణంగా పట్టదు కాబట్టి కోటింగ్ ఉన్న ఒంటి అద్దమే అడగండి, కాకపోతే కోటింగ్ గదిలోపలి వైపు ఉన్నా పాడవని రకమేనా అని కనుక్కోండి.