పాఠకుల ప్రశ్నలు, జవాబులు: వాడ లేని ఊళ్ళు, ముందే తెలిసిన ముగింపులు

అమెరికాలో ప్రతి శీతాకాలం టీవీ కోసమే తీసి ప్రసారం చేసే క్రిస్మస్ ప్రేమ సినిమాల గురించి ఈ నెల అయిదు ఉత్తరాలు వచ్చాయి. అందుకని ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. గడిచిన రెండు శీతాకాలాలు ఆమె దగ్గరే ఉన్నాను. సాయంత్రం టీవీ పెడితే అన్నీ క్రిస్మస్ ప్రేమ సినిమాలే. పెద్ద నగరంలో ఉద్యోగం చేసే అమ్మాయి పండుగకు సొంత ఊరికి వస్తుంది, మూతపడబోతున్న సత్రాన్నో బేకరీనో నిలబెట్టే ప్రయత్నంలో ఒక మంచి మనిషిని ప్రేమిస్తుంది. పదో నిమిషానికే ముగింపు తెలిసిపోతుంది, అయినా లేవబుద్ధి కాదు. "అత్తమ్మా, వీళ్ళు ఒకే సినిమాను నలభైసార్లు తీస్తున్నారు" అంటాడు మా అల్లుడు. లోపం నా అభిరుచిలోనే ఉన్నదా?
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, నల్లగొండ

జవాబు: అమ్మా, మీ అల్లుడు చెప్పిన అంకె తప్పు కాదు. గ్రీటింగ్ కార్డులతో పేరు తెచ్చుకున్న హాల్‌మార్క్ సంస్థ పేరుతో 2001 నుంచి ఒక ఛానల్ నడుస్తున్నది. 2009 నుంచి ఆ ఛానల్ క్రిస్మస్‌కు ముందు వారాలను పండుగ సినిమాలకు అప్పగించింది. పదేళ్ళు తిరిగేసరికి, తన సోదర ఛానల్‌తో కలిపి ఒక్క సీజనులో 40 దాకా కొత్త సినిమాలు అందించే స్థాయికి చేరింది. లైఫ్‌టైమ్ ఛానల్ కూడా ఇదే దారిలో నడిచింది. 2017లో నెట్‌ఫ్లిక్స్ సైతం ఒక యువరాజు ప్రేమకథతో ఈ బాట పట్టింది.

అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండటానికి రచయితల బద్ధకం ఒక్కటే కారణం కాదు. రెండు గంటల ప్రసారంలో ప్రకటనలు పోను సినిమాకు మిగిలేది సుమారు 84 నిమిషాలు. హాల్‌మార్క్ రచయితలు ఆ కాస్త నిడివిని తొమ్మిది అంకాలుగా విభజించుకుంటారు. ప్రకటనలు రాబోయే ప్రతిచోటా, చూసేవారు మళ్ళీ వచ్చి కూర్చునేలా చిన్న ఉత్కంఠను నిలుపుతారు: అనుకోకుండా తలుపు తట్టిన చప్పుడు, సగంలో ఆగిన మాట, ఇద్దరూ దగ్గరైన క్షణంలో మోగిన ఫోను. ముగింపుకు కాస్త ముందు ఒక అపార్థం వస్తుంది, చివరి అంకంలో అది తొలగిపోతుంది. వంటగదికి వెళ్ళి పోపు పెట్టి వచ్చిన మనిషికి కూడా కథ తెగకుండా అందాలన్నది ఈ నిర్మాణంలోని ఉద్దేశం. సినిమా హాలు చీకటిలో కూర్చున్నవారి కోసం కాక, పని నడుస్తున్న ఇంటి కోసం తీసిన సినిమాను ఆ ఇంటి అవసరాన్ని బట్టే తూచాలి.

ఇక ముగింపు ముందే తెలియడం లోపమన్న మాటను నేను ఒప్పుకోలేను. మన జిల్లాలో ఒగ్గు కథ వినడానికి కూర్చున్నవారిలో మల్లన్న చివరికి ఏమవుతాడో తెలియనివారు ఎవరు? మేడలమ్మతో పెళ్ళి, కేతమ్మతో పెళ్ళి అందరికీ చిన్నప్పటి నుంచి తెలిసినవే. అయినా డోలు మోగితే చలిలో గొంగడి కప్పుకొని తెల్లవార్లు కూర్చుంటారు. తెలిసిన కథ మళ్ళీ వినడంలో ఉండే సుఖం మన నేలకు కొత్త కాదు, దానికి ఎవరూ సిగ్గుపడనవసరం లేదు. పైగా మీరు చూసిన సినిమాల్లో కొన్ని సుగుణాలు నిజంగా ఉన్నాయి. కథకు కేంద్రం స్త్రీ. చాలాసార్లు ఆమె ముప్పై దాటినది, ఒక వృత్తిలో చేయి తిరిగినది. భార్య పోయాక బిడ్డను పెంచుకుంటున్న తండ్రి, ఒంటరి తల్లి, వితంతువైన అత్త వంటివారికి వాటిలో గౌరవప్రదమైన చోటు ఉంటుంది. తుపాకీ పేలదు, ఎవరూ ఎవరినీ అవమానించి నవ్వించరు. మూడు తరాలవారు ఒకే గదిలో ఇబ్బంది లేకుండా చూడగల కథలు ఈ కాలంలో అంత సులువుగా దొరుకుతున్నాయా?

అయితే ఒగ్గు కథకూ వీటికీ ఒక తేడా ఉన్నది. కథకుడు కష్టం దగ్గరికి వచ్చినప్పుడు తొందరపడడు. అక్కడ ఆగి, గొంతు మార్చి, ఆ బాధను విన్నవారి గుండెలోకి దించిన తరువాతనే ముందుకు కదులుతాడు. ముగింపు తెలిసినా ఆ కష్టం మాత్రం ప్రతిసారీ కొత్తగా తగులుతుంది. ఈ సినిమాల్లో కష్టానికి బరువు లేదు. నా ఫిర్యాదు అదొక్కటే. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఉత్తరానికి జవాబిస్తూ దాన్ని వివరంగా రాస్తాను.

ప్రశ్న: నేను షార్ట్ ఫిల్ములు తీస్తుంటాను. ఈ సినిమాల్లో మంచు దూదిలా, పాత్రలు కొత్తగా ఇస్త్రీ చేసిన బట్టల్లా ఎందుకు కనిపిస్తాయి? డబ్బు తక్కువ కావడమే కారణమా?
– మిర్యాలగూడ

జవాబు: చాలావరకు అదే. వీటిలో అనేకం మూడు వారాల లోపు, తరచుగా దాదాపు 15 రోజుల్లో చిత్రీకరణ పూర్తి చేసుకుంటాయి. పన్ను రాయితీలు దొరికే కెనడాలో, ముఖ్యంగా వాంకూవర్ చుట్టుపక్కల ఎక్కువగా తీస్తారు. శీతాకాలానికి సిద్ధం కావాలి కనుక చాలావాటిని వేసవిలోనే తీస్తారు. మండే ఎండలో ఉన్ని కోట్లు తొడుక్కున్న నటులు కాగితపు పొట్టు, నురుగు, తెల్లటి దుప్పట్లతో చేసిన మంచు మీద నడుస్తుంటారు. మాట్లాడేటప్పుడు వారి నోటి నుంచి ఆవిరి రాకపోవడాన్ని ఈసారి గమనించండి. పదిహేను రోజుల్లో 84 నిమిషాల సినిమాను మాట తడబడకుండా, కథ గందరగోళం కాకుండా ముగించడం చిన్న పని కాదు, మీ వంటివారు దాన్ని శ్రద్ధగా చూడాలి. నాకు రుచించనిది మంచు కాదు, వెలుగు. ప్రతి గదీ ఒకే రీతిలో ధగధగలాడుతుంది, నీడకు చోటుండదు, అందువల్ల దుఃఖంలో ఉన్న మనిషి ముఖం కూడా పండుగ దీపంలాగే కనిపిస్తుంది. ఒక దీపం ఆర్పడానికి డబ్బు ఖర్చు కాదు కదా!

ప్రశ్న: మాది తాతల కాలం నుంచి క్రైస్తవ కుటుంబం. సెమీ క్రిస్మస్ మొదలు పండుగ దాకా మా చర్చిలో ప్రతి కార్యక్రమం యేసు జననం చుట్టూనే తిరుగుతుంది. క్రిస్మస్ సినిమాలని చెప్పుకునే వీటిలో ఆయన పేరే వినిపించదు. ఇది సబబేనా?
– దేవరకొండ

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది. రష్యా నుంచి వచ్చిన, మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖకు చెందిన మిషనరీలు 19వ శతాబ్దం చివరలో నల్లగొండ చేరిన నాటి నుంచి, మన ప్రాంతపు క్రైస్తవులకు ఈ పండుగ అంటే ప్రార్థన, క్యారల్స్‌తో ఇంటింటికీ నడిచే రాత్రులు, ఉన్నదాంట్లోనే పదిమందికి అన్నం పెట్టడం. ఆ సినిమాల్లో అలంకరించిన చెట్టు ఉంటుంది, బెల్లం వన్నె బిస్కెట్లతో కట్టిన బొమ్మరిల్లు ఉంటుంది, క్యారల్స్ పాడే బృందం కూడా ఉంటుంది. పశువుల తొట్టి మాత్రం చాలా అరుదు. అన్ని మతాలవారూ, ఏ మతమూ లేనివారూ చూడాలన్న వ్యాపార దృష్టి దీనికి ప్రధాన కారణం. దానివల్ల ఒక మేలు లేకపోలేదు: నల్లగొండ నుంచి రాసిన హిందూ తల్లి కూడా ఆ పండుగలోకి పరాయితనం లేకుండా అడుగుపెట్టగలిగింది.

కానీ హాల్‌మార్క్ సంస్థ టీవీ నాటకాలకు చేయూతనివ్వడం ఎక్కడ మొదలైందో తెలిస్తే మీ ప్రశ్న ఇంకా బలపడుతుంది. 1951 డిసెంబరు 24 రాత్రి అమెరికా టీవీ సంస్థ ఎన్‌బీసీలో, ఆ సంస్థ ప్రాయోజకత్వంలో "అమాల్ అండ్ ది నైట్ విజిటర్స్" అనే సంగీత నాటకం ప్రత్యక్షంగా ప్రసారమైంది. రాసి, స్వరపరచినవాడు జాన్ కార్లో మెనోట్టి. చంకకర్ర మీద నడిచే ఒక పేద పిల్లవాడు, వితంతువైన అతని తల్లి ఉంటున్న గుడిసెలో, బాలయేసును వెతుకుతూ బయలుదేరిన ముగ్గురు రాజులు రాత్రికి ఆగుతారు. బిడ్డ ఆకలి చూడలేని తల్లి, అందరూ నిద్రపోయాక రాజుల బంగారం మీద చేయి వేసి పట్టుబడుతుంది. తాము వెతుకుతున్న శిశువుకు ఆ బంగారంతో పని లేదనీ, దాన్ని ఉంచుకొమ్మనీ రాజు అంటాడు; ఆమె తిరిగి ఇచ్చేస్తుంది. తన దగ్గర ఇంకేమీ లేని పిల్లవాడు ఆ చంకకర్రనే కానుకగా ఇస్తానంటాడు, ఆ క్షణంలో అతని కాలు బాగవుతుంది. అదీ టీవీ కోసం చేసినదే, అదీ సుఖాంతమే. కానీ అక్కడ ఆకలి నిజమైన ఆకలి, దొంగతనం నిజమైన దొంగతనం. ఈనాటి సినిమాల్లో యేసు పేరు లేకపోవడం కన్నా ఆ తల్లి లేకపోవడం నన్ను ఎక్కువగా బాధిస్తుంది.

ప్రశ్న: మా అమ్మా నాయనలు నా చిన్నతనంలో బొంబాయి, పుణె నగరాలకు కట్టడాల పనికి వలస పోయేవారు. నేను తాత దగ్గర పెరిగి చదువుకున్నాను. ఈ సినిమాల్లో మనుషులు సొంత ఊరికి తిరిగి రావడం చూస్తే ముందు కళ్ళు చెమ్మగిల్లుతాయి, ఆ తరువాత కోపం వస్తుంది. ఆ కోపం ఎందుకో నాకే తెలియడం లేదు.
– ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: మీ కన్నీళ్ళు, మీ కోపం రెండూ న్యాయమైనవే. పండుగ పూట బస్సు దిగిన మనిషి భుజాన సంచితో, చేతిలో పిల్లలకు కొన్న బట్టలతో ఇంటి దారి పట్టడం, ముసలి తండ్రి అరుగు మీద నుంచి లేచి చేయి అడ్డం పెట్టుకొని చూడటం, ఇదంతా పాలమూరు బిడ్డలకు ఎవరూ నేర్పనక్కరలేని దృశ్యం. క్రిస్మస్ సినిమాలు ఆ చోటును తడతాయి. అందులో మోసమేమీ లేదు. ఇల్లు వదిలి వెళ్ళిన ప్రతి మనిషిలోనూ తిరిగి రావాలన్న కోరిక ఉంటుందని, దాన్ని చిన్నచూపు చూడరాదని అవి నమ్ముతాయి. వాటిలోని అతి పెద్ద బలం అదేనని నేను అనుకుంటాను.

కోపం వచ్చేది ఆ తరువాత. ఆ కథానాయిక ఊరు ఎందుకు విడిచింది? పెద్ద ఉద్యోగం మీది ఆశతో, లేదా మనసు విరిగి. ఊరు ఆమెను వెళ్ళగొట్టలేదు. వాన మొహం చాటేసిన ఏడు, బావి ఎండిపోయి, గుంపు మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సుకు కుటుంబమంతా కట్టుబడి, ఇంటికి తాళం వేసి ముసలివాళ్ళను, బడి ఈడు పిల్లలను వదిలి కదిలిపోవడం ఆ కథల్లో ఉండదు. ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు కూలీ చేయి ఉన్నదని గర్వంగా చెప్పుకుంటాం, ఆ చేతులు సొంత ఊళ్ళో పని దొరకక అక్కడికి పోయాయన్న మాటను అంత గట్టిగా చెప్పుకోం. ఈ నేల మీద పుట్టిన గోరటి వెంకన్న పల్లె దుఃఖాన్ని పాడినప్పుడు ఒక్కొక్క వృత్తి పేరూ చెప్పి, ఆ పని ఎట్లా పోయిందో చెప్పాడు. అమెరికాలోనూ గనులు, కర్మాగారాలు మూతపడి చిన్న పట్టణాలు ఖాళీ అయినవే. ఆ సినిమాల్లో మాత్రం బేకరీ మూతపడబోవడానికి కారణం ఒక కాగితం, దాన్ని నిలబెట్టేది ఒక్క సాయంత్రపు వేడుక. అమ్మాయి ఒక ఫోనుతో ఉద్యోగం వదిలేస్తుంది. అద్దె ఎవరు కడతారో, కొత్త జీతం ఎంతో, వచ్చే జూన్ నెలలో ఆ ఊళ్ళో ఎవరు బేకరీకి వస్తారో ఒక్కరూ అడగరు. తిరిగి రావడం మీ నాయనకు ఎన్నేళ్ళు పట్టిందో తెలిసిన మీకు, అది ఎనభై నాలుగు నిమిషాల్లో ఖర్చు లేకుండా జరిగిపోతే కోపం రాక ఏం చేస్తుంది?

ఇంకొక మాట కూడా చెప్పాలి. మనకు ఊరు అంటే ఊరూ, వాడా. ఊరు అందరినీ ఒకే తీరున అక్కున చేర్చుకోదని, కొందరికి నగరమే మొదటిసారి తల ఎత్తుకొని నడిచే వీలిచ్చిందని వాడలో పుట్టినవారికి తెలుసు. ఆ సినిమాల ఊరికి వాడ లేదు. చాలా ఏళ్ళ పాటు వాటి నాయికా నాయకులు దాదాపు అందరూ తెల్లవారే. విమర్శలు గట్టిపడిన తరువాతనే నల్లజాతి జంటలు ముందుకు వచ్చాయి. స్వలింగ దంపతుల కథ ప్రధాన కథల్లో ఒకటిగా నడిచిన క్రిస్మస్ సినిమా హాల్‌మార్క్ ఛానల్‌లో మొదటిసారి 2020లో గాని రాలేదు. ఈ మార్పు మంచిదే. కానీ ఇంతకాలం బయట నిలబడిన మనిషిని ఆ ఊరు ఎలా చూసిందన్న ప్రశ్నను కథ అడగకపోతే, మారింది ముఖాలే తప్ప ఊరు కాదు. తిరిగి వచ్చిన మనిషి ఏదో ఒకటి నిజంగా కోల్పోయి, అయినా ఉండాలని తేల్చుకునే క్రిస్మస్ ప్రేమకథను ఆ సంస్థలు అదే పదిహేను రోజుల్లో, అదే డబ్బుతో తీయగలవు. సుఖాంతాన్ని మార్చమని నేను అడగడం లేదు.

ప్రశ్న: మా అమ్మకు ఇంగ్లీషు రాదు. పండుగ సెలవుల్లో ఆమెతో కలిసి ఇటువంటి సినిమా చూడాలని ఉంది. ఎలా ఎంచుకోవాలి?
– వనపర్తి

జవాబు: పోస్టరు మీద ఎరుపు, ఆకుపచ్చ రంగులు చూసి తేల్చుకోవద్దు. ముందుగా మీరొక్కరే మొదటి అరగంట చూడండి. ఎవరైనా డబ్బు గురించి నిజాయితీగా మాట్లాడారా, నాయిక వదిలేయబోయే నగరపు ప్రియుడికి కూడా ఒక మనసున్నట్టు చూపారా, తల్లి పాత్రకు వంట కాకుండా మరొక పని ఉన్నదా అని గమనించండి. రెండింటికి అవునన్న జవాబు వస్తే ఆ సినిమా పెట్టండి. ప్రతి మాటనూ అనువదించి చెప్పనవసరం లేదు, కథ ముఖాల్లోనే తెలుస్తుంది. తొమ్మిది అంకాలు కనుక ఆగడానికి వీలైన చోట్లు చాలానే వస్తాయి. అటువంటి ఒక చోట ఆపి, ఆ పిల్ల ఊళ్ళో ఉండిపోతే ఏం పని చేసి బతుకుతుందని అమ్మను అడగండి. ఆమె ఏం చెప్పిందో నాకు రాయండి, వచ్చే సంచికలో ప్రచురిస్తాను.