కమ్యూనిటీ రేడియోకీ ఆకాశవాణికీ తేడా ఏంటి, అందులో అసలు ఏం వస్తాయి?

ఆకాశవాణి ప్రభుత్వానిది, ప్రైవేట్ ఎఫ్ఎం యాడ్స్ మీద నడిచే బిజినెస్, కమ్యూనిటీ రేడియో ఈ రెండూ కాదు, చుట్టుపక్కల కొన్ని ఊళ్ల వరకే వినిపించే చిన్న స్టేషన్, ఆ ఊళ్ల వాళ్లే మాట్లాడతారు. మన దగ్గర మంచి ఉదాహరణ జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో ఉన్న సంఘం రేడియో, 90.4 ఎఫ్ఎం. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే ఎన్జీవో సంఘాల దళిత మహిళలే నడుపుతారు, రికార్డింగ్, ఎడిటింగ్ కూడా వాళ్లే.

స్టూడియో 1998లోనే రెడీ అయిపోయింది కానీ లైసెన్స్ లేదు, ఎందుకంటే అప్పట్లో ఎన్జీవోలకి ఇచ్చేవాళ్లు కాదు, దాంతో క్యాసెట్లలో రికార్డ్ చేసి సంఘం మీటింగుల్లో వినిపించేవాళ్లు (ఈ ఓపిక నాకైతే ఉండదు). గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది, అయినా పాలసీ మారింది 2006లో, వీళ్ల ప్రసారాలు మొదలైంది 2008 అక్టోబర్‌లో.

ప్రోగ్రామ్స్ అంటే జొన్నలు, కొర్రలు లాంటి తిండి, పాత విత్తనాలు దాచుకోవడం, ఆడవాళ్ల ఆరోగ్యం, ఇంటి వైద్యం, పండగ పాటలు, అన్నీ అక్కడి యాసలోనే. డాక్టర్ టీవీలో పుస్తక భాషలో చెప్పేదానికంటే పక్క ఊరి అక్క చెప్తే జనం ఎక్కువ వింటారని నా అభిప్రాయం.

ఒక్కటి మాత్రం నాకు అస్సలు నచ్చదు, కమ్యూనిటీ రేడియోల్లో సొంతంగా వార్తలు చదవనివ్వరు, కావాలంటే ఆకాశవాణి వార్తల్నే మళ్లీ వేసుకోవాలి.